ముందు తీసిన మూట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి ఈ సభలో భూమి గురించి, 1/70 చట్టం గురించి, మన కోయ భాష గురించి పెద్దలు మాట్లాడారు. మాకు అప్పజెప్పిన విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపిస్తుంది. ఇంటికి దూరంగా ఉన్న మనవాళ్లకు, ఆపదలో ఉన్నవాళ్లకు తిండి మూట పంపడం గురించి చెప్పమన్నారు. చిన్న విషయమే. కానీ హాస్టల్లో చదువుకున్న ప్రతి ఒక్కరికీ ఆ మూట సంగతి తెలుసు. 2022 జూలైలో గోదావరి ఊళ్ల మీదికి వచ్చినప్పుడు గుట్టల మీద కూర్చున్నవాళ్లకి ఇంకా బాగా తెలుసు. అందుకే ఒప్పుకున్నాం.

ముందు మా హాస్టల్ రోజుల నుంచి మొదలుపెడతాం. మా కాలంలో ఫోన్లు లేవు. సంత రోజున అయ్యో అవ్వో వస్తారని ఎదురుచూసేవాళ్లం. వచ్చేటప్పుడు తువ్వాల్లో ఒక మూట ఉండేది. అందులో చోడి రొట్టెలు, వేయించిన ఇప్పపూలు, ఒక బెల్లం ముక్క, ఎండాకాలం దాటితే ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన మామిడి ముక్కలు, తాటి తేగల కాలంలో తేగలు. మూట చేతికి రాగానే చాలా సంతోషం. ఆ వెంటనే ఇంకో పని చేసేవాళ్లం. దాన్ని ట్రంకు పెట్టెలో బట్టల అడుగున దాచేవాళ్లం. ఎవరో ఎత్తుకుపోతారని కాదు. పక్క మంచం పిల్లలు చూసి "నల్ల రొట్టె తింటారు వీళ్లు" అని నవ్వుతారని. రాత్రి దీపాలు ఆర్పాక దుప్పటి కింద తినేవాళ్లం. అవ్వ ఎండలో మోసుకొచ్చిన రొట్టెను దొంగతనంగా తిన్నాం. ఇప్పుడు చెప్పుకోవడానికి మాకు సిగ్గుగా ఉంది. అయినా చెబుతున్నాం, ఎందుకంటే మీలో కొందరు ఇప్పటికీ అదే చేస్తున్నారని మాకు తెలుసు.

మాలో ఒకరి సంగతి ఇంకా బాధగా ఉంటుంది. ఇంటి నుంచి వచ్చిన ఎండు ఇప్పపూల పొట్లం చూసి ఒక హాస్టల్లో అది సారా కాచే సరుకు అనుకున్నారు. పిల్లవాణ్ణి నిలబెట్టి అడిగారు, పొట్లం బయట పారేశారు. వాడు ఇంటికెళ్లి అవ్వతో "ఇంక పువ్వు పంపొద్దు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె తర్వాత బిస్కెట్ ప్యాకెట్లు కొని పంపడం మొదలుపెట్టింది. తమ్ముళ్లూ, మన తిండి మన ఇళ్లలోంచి పోయిన దారుల్లో ఇది ఒకటి. ఎవరూ వచ్చి లాక్కుపోలేదు. ఒక పిల్లవాడి సిగ్గు, ఒక తల్లి మౌనం, ఆ రెండే చాలాయి.

ఇప్పుడు కాలం ఎలా తిరిగిందో చూడండి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మనం దుప్పటి కింద తిన్న చోళ్లు హైదరాబాద్ దుకాణాల్లో రంగుల ప్యాకెట్లలో రాగి పేరుతో అమ్ముతున్నారు. 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో మన గోండు అక్కచెల్లెళ్లు ఇప్పపూలతో లడ్డూలు చేస్తున్నారు. ఒకచోట పారేసిన పువ్వే ఇంకోచోట రక్తహీనత ఉన్న పిల్లలకి బలమని పెడుతున్నారు. పువ్వు అదే. చూసే కన్ను మారింది.

సరే, మూట కట్టడం దగ్గరికి వద్దాం. మన పెద్దలు దీన్ని ఎక్కడ నేర్చుకున్నారంటే, మన పండుముల్లోనే. విజ్జ పండుము మీరందరూ చూసే ఉంటారు. దుక్కి మొదలయ్యే ముందు ప్రతి ఇంటి నుంచి విత్తనాలు తెస్తారు. భూమికి మొక్కి, అన్నీ కలిపి, మళ్లీ అందరికీ పంచుతారు. ఇంట్లో గింజ మిగలనివాడు కూడా ఆ రోజు విత్తనంతోనే ఇంటికెళతాడు. వాడు అడుక్కోనక్కర్లేదు, ఇచ్చినవాడు గొప్ప చెప్పుకోవడానికీ లేదు, ఎవరి గింజ ఎవరికెళ్లిందో ఎవరికీ తెలియదు కాబట్టి. అలాగే కొత్తలు. చిక్కుడుకాయ గానీ, మామిడికాయ గానీ ఊరు కొత్త చేయకుండా నోట పెట్టం. ముందు వేల్పుకి, మన పెద్దలకి వాటా తీస్తాం. తర్వాతే మనం తింటాం.

ఇందులో మాకు అర్థమైంది ఒక్కటే. మనది ముందు తీసిపెట్టే పద్ధతి. తిన్నాక మిగిలింది ఇవ్వడం మన పద్ధతి కాదు. దూరాన ఉన్నవాడికి పంపే మూట కూడా అలాగే ముందు తీసిన వాటా కావాలి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే ఏం పంపాలి, ఎలా పంపాలి అన్నవి వాటంతటవే తేలతాయి.

ముందుగా, అడగండి. మనకు ఇష్టమైంది పంపడం వేరు, వాళ్లకు అక్కడ పనికొచ్చేది పంపడం వేరు. హాస్టల్ పిల్లకి పొయ్యి ఉండదు. కాబట్టి వండక్కర్లేనిది పంపాలి. నగరంలో నలుగురు కలిసి గదిలో ఉండే తమ్ముడికి గ్యాస్ పొయ్యి ఉంటుంది. వాడికి కందిపప్పు, చింతపండు, చోడి పిండి, కారప్పొడి పంపితే నెలంతా గడుస్తుంది. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకైతే డాక్టర్ని అడగకుండా ఏమీ పంపకండి. షుగర్ ఉన్నవాళ్లకి బెల్లం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఉప్పులో ఊరినవి మేలు చేయవు. ఎండు చేపలు పంపేముందు పక్క మంచాల వాళ్ల సంగతి కనుక్కోండి. పంపితే వేరే డబ్బాలో గట్టిగా మూసి పంపండి. చేపల పక్కన పెట్టిన బెల్లం ఎలా ఉంటుందో మేం తిని తెలుసుకున్నాం.

రెండోది, తడి. మూటకి దూరం కన్నా తడే పెద్ద శత్రువు. మన అవ్వలకి ఈ చదువు బాగా వచ్చు. చోళ్లు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలు రానిచ్చి, ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే తేలిగ్గా అరుగుతుంది. మొలకెత్తిన పిండితో కాచిన జావ చిక్కబడదు. అందుకే అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. చిన్నపిల్లలకీ, జ్వరం నుంచి లేచినవాళ్లకీ అది మంచి బలం. చోడి పిండిలో నూనె తక్కువ, కాబట్టి నిలవ ఉంటుంది. సజ్జ పిండిలో నూనె ఎక్కువ, కొద్ది రోజులకే చేదెక్కుతుంది. జొన్న పిండి కూడా ఎక్కువ రోజులు ఆగదు. సజ్జలు, జొన్నలు పంపాలంటే గింజగానే పంపండి.

ఇప్పపూలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఏరుకొస్తాం కదా. బాగా ఎండిన పువ్వు ఏడాది ఉంటుంది, కానీ వానాకాలం గాలి తగిలితే తేమ పీల్చుకుని ముద్దవుతుంది. పంపేముందు మళ్లీ ఒకసారి వేయించి, చల్లారాక నువ్వులు, బెల్లం కలిపి దంచి ఉండలు చేయండి. చల్లారాక అని ఎందుకు అంటున్నామంటే, వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై లోపలే బూజు పడుతుంది. వెదురు కొమ్ములు పంపాలంటే ముక్కలు చేసి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు ఎండబెట్టండి. పచ్చి కొమ్ములో విషగుణం ఉంటుంది, నీళ్లు పారబోస్తేనే పోతుంది. మనకిది తెలుసు. నగరంలో అందుకున్న మీ స్నేహితుడికి తెలియదు.

బూజు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఒడిశాలో 2001లో కాశీపూర్ ప్రాంతంలో, 2024లో కంధమాల్ జిల్లాలో మామిడి టెంక జావ తాగి మన తోటి ఆదివాసీలు చనిపోయారు. టెంక ఆకలి కాలానికి మన పెద్దలు కనిపెట్టిన తిండే. కానీ తడిసి పాడైన టెంక ప్రాణం తీస్తుంది. అనుమానం వచ్చిన తిండిని మనం తినకూడదు, ఎవరికీ పంపకూడదు. పాడైంది పారేయలేక పంపడం ప్రేమ కాదు.

మూడోది, చేరే దారి. ఆర్టీసీ పార్సిల్లో వేస్తే చాలాచోట్ల బస్టాండు కౌంటర్లోనే తీసుకోవాలి. అందుకే రసీదు ఫొటో వెంటనే వాళ్లకి పంపండి. మూట మీద పేరు, ఫోన్ నంబరు చెరిగిపోని సిరాతో రాయండి. లోపల కూడా ఒక కాగితం మీద రాసిపెట్టండి, పై అట్ట చిరిగినా మూట దారి తప్పదు. పచ్చళ్ల సీసాలు వద్దు, పొడులు మేలు. ఇంకొక్కటి. ఆ కాగితం మీద పేరుతో పాటు రెండు ముక్కలు రాయండి. "ఈ చింతపండు వాగు పక్క చెట్టుది" అని రాసినా చాలు. మాలో ఒకరు అలాంటి కాగితాన్ని పర్సులో పెట్టుకుని పదేళ్లు తిరిగారు.

మీలో కొందరికి ఒక ప్రశ్న ఉంటుంది. ఇంత కష్టం ఎందుకు, ఫోన్‌పేలో డబ్బులు వేస్తే సరిపోదా అని. నిజమే, చాలాసార్లు సరిపోతుంది. దుకాణం తెరిచి ఉన్నచోట, మనిషి నడిచి వెళ్లగలిగినచోట డబ్బే మంచి సాయం, తనకేం కావాలో తనే కొనుక్కుంటాడు. ఆ మాట దాచం. కానీ రెండుచోట్ల డబ్బు పనిచేయదు. దుకాణమే లేనిచోట ఒకటి. దుకాణంలో దొరకనిది కావలసినచోట రెండోది.

దుకాణమే లేనిచోటు ఎలా ఉంటుందో 2020లో చూశాం. లాక్‌డౌన్ పెట్టినప్పుడు మిర్చి కోతలకి వచ్చిన కూలీలు తోటల్లో చిక్కుకుపోయారు. బస్సుల్లేవు, దారిలో హోటళ్లు లేవు. ఏప్రిల్‌లో ములుగు జిల్లా నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకి అడవి దారుల్లో నడిచి వెళుతూ 12 ఏళ్ల ఆదివాసీ బాలిక సొంతూరికి దగ్గర్లోనే ప్రాణం విడిచింది. మూడు రోజులు నడిచింది. ఆ దారి పక్కన మన ఊళ్లు ఉన్నాయి. ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా, దారిలో ఎవరైనా ఒక ముంతెడు జావ, ఒక ఉప్పు బెల్లం నీళ్ల సీసా చేతికిచ్చి ఉంటే అనుకుంటాం.

తర్వాత 2022 జూలై. భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ నెల 16న నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద రాలేదు. గోదావరి నీళ్లు శబరిని వెనక్కి నెట్టాయి. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాక మండలాల్లో ఎన్నో ఊళ్లు మునిగాయి. జనం పట్టాలు పట్టుకుని గుట్టలెక్కారు.

మేం కొంతమందిమి కలిసి సాయం పట్టుకుని వెళ్లాం. మొదటి విడతలో మేం చేసినవన్నీ తప్పులే. పులిహోర పొట్లాలు కట్టించాం. పడవ దొరకడం ఆలస్యమైంది, చేరేసరికి సగం పులిసిపోయాయి. బియ్యం బస్తాలు పట్టుకెళ్లాం. గుట్ట మీద ఎండుకట్టె ఒక్కటి లేదు, తాగే నీళ్లే కరువు, బియ్యం దేంతో వండుతారు? పాత బట్టల మూటలు విప్పితే చిరిగినవి, ఎవరూ కట్టుకోలేనివి. ఇచ్చినవాళ్ల ఇళ్లు ఖాళీ అయ్యాయి గానీ అందుకున్నవాళ్ల అవసరం తీరలేదు. అవి మిగిలింది ఇచ్చిన మూటలు. ముందు తీసినవి కావు.

రెండో విడతలో ముందు ఫోన్ చేసి అడిగాం. అటుకులు, వేయించిన శనగలు, బెల్లం, వేయించిన చోడి పిండి, తాగే నీళ్లు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఆడపిల్లలకి నెలసరి ప్యాడ్లు పట్టుకెళ్లాం. నీళ్లలో కలిపి తాగొచ్చు, లేకపోతే నమిలి మింగొచ్చు. ఏదీ వెనక్కి రాలేదు.

కానీ అప్పుడు కూడా ఒక తప్పు చేశాం. ఫొటో తీద్దామని ఒక ముసలవ్వని ముందుకు పిలిచాం. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఫొటో అయినాక ఇస్తరా, ఇచ్చినాక తీస్తరా బిడ్డా?" అంది. కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. మాకు నోట మాట రాలేదు. ఫోన్ జేబులో పెట్టేశాం. విజ్జ పండుములో ఎవరి గింజ ఎవరికెళ్లిందో తెలియకుండా కలిపే జాతి మనది. అలాంటి మనం తీసుకునేవాళ్ల ముఖాన్ని వాట్సాప్‌లో పెట్టబోయాం. లెక్క చూపించాలంటే సరుకు ఫొటో తీయండి, రసీదులు పెట్టండి. మనుషుల ముఖాలు వద్దు.

వచ్చేటప్పుడు ఆ అవ్వనే అడిగాం, మళ్లీ వస్తే ఏం తెమ్మంటావని. బియ్యం అంటుందనుకున్నాం. "గింజలు కొట్టుకపోయినయి. ఉలవలో, చిక్కుళ్లో విత్తనం ఉంటే పట్టుకరండి" అంది. నీళ్లు తీసిన నేలలో ఇంకా ఏం వేయొచ్చో ఆమె అప్పటికే లెక్కేసుకుంది. మేం ఆమెను వరద బాధితురాలనుకున్నాం. ఆమె మాత్రం సేద్యగత్తెలాగే ఆలోచిస్తోంది. ఎగువ ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి ఉలవలు, అనుములు, చిక్కుడు గింజలు పోగుచేసి పంపాం. మరుసటి ఎండాకాలం ఆమె నుంచి మాకొక చిన్న గుడ్డ మూట వచ్చింది. అందులో ఎండు చిక్కుడు గింజలు. తెచ్చినవాడితో ఒక మాట చెప్పి పంపింది: "మళ్లా ఎవరివన్న కొట్టుకపోతే ఇయ్యండి." ఆమె కూడా ముందు తీసే పంపింది.

ఇక దుకాణంలో దొరకనిది కావలసిన చోటు. పోలవరం ముంపు వల్ల ఊళ్లు విడిచి కాలనీలకి వెళ్లిన మన చుట్టాలున్నారు. వాళ్లకి పక్కా ఇళ్లు వచ్చాయి, రోడ్డు వచ్చింది. కానీ ఇప్పచెట్టు రాలేదు, చింతచెట్టు రాలేదు, వాన పడగానే వెదురు కొమ్ముకి వెళ్లే అడవి రాలేదు. ఎప్పుడూ చింతపండు కొని ఎరగని ఇల్లు ఇప్పుడు పావుకిలో లెక్కన కొంటోంది. మోరిపండు రుచి తెలియని పిల్లలు అక్కడ పెరుగుతున్నారు. వాళ్లకి మనం పంపే మూట ఆకలికి కాదు, వాళ్లేమీ పస్తులుండడం లేదు. ఆ పిల్లలకి తమ తాతల ఊరి రుచి తెలియాలని. కొత్త చేసిన రోజున వాళ్ల వాటా కూడా ఒక ఆకులో తీసిపెట్టి, ఆ వారంలోనే పంపండి. పండుముకి రాలేకపోయినా పండుము వాళ్ల ఇంటికి వెళుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంత చెప్పాం కాబట్టి మూడు పనులు అడుగుతాం. ఒకటి, మీ ఊరి నుంచి బయట ఉన్నవాళ్ల జాబితా రాయండి. హాస్టల్లో ఎవరు, పోలీసు ఉద్యోగంలో ఎవరు, కూలికి వెళ్లినవాళ్లెవరు, ఆసుపత్రిలో ఎవరు, కాలనీలో ఎవరు. ఏడాదికి ఒక్కసారైనా ప్రతి పేరుకీ ఒక మూట వెళ్లాలి. అమ్మానాన్నలు లేని పిల్లల పేర్లు ముందు రాయండి. సంత రోజున గేటు దగ్గర నిలబడి ఎవరూ రారని తెలిసి వెనక్కి వెళ్లే పిల్లలు మా కాలంలో ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు.

రెండు, ఏటా జూన్ నెలాఖరుకి నది పక్క ఊళ్ల కోసం వరద మూటలు సిద్ధం చేసి ఎత్తైన ఊళ్లో ఉంచండి. ఏమేం పెట్టాలో పైన చెప్పాం. వాటితో పాటు ఒక కుండలో విత్తనాలు కూడా. వరద రాని ఏడు ఆ తిండిని పాడవకముందే అంగన్‌వాడీ పిల్లలకో, ముసలివాళ్లకో పంచేయండి. విత్తనం మరుసటి విజ్జ పండుములో కలపండి.

మూడు, మీకు వచ్చిన మూటని దాచుకోకండి. హాస్టల్ గది మధ్యలో పెట్టి విప్పండి. పక్కవాళ్లకి పెట్టండి. ఇదేంటని అడిగితే పేరు చెప్పండి, ఎలా చేస్తారో చెప్పండి. చెప్పడం రాకపోతే అవ్వకి ఫోన్ చేసి అడగండి. ఆమెకి ఆ ఫోన్ కాల్ మీరు పంపే డబ్బుకన్నా ఎక్కువ. మా తరం దుప్పటి కింద తిన్నది. మీరు దీపం వెలుగులో తినండి.

మాట పూర్తి చేసేముందు చివరి సంగతి. ఆ అవ్వ పంపిన చిక్కుడు గింజల్లో కొన్ని విత్తాం, కొన్ని దాచాం. విత్తినవి కాశాయి. వాటి గింజలు ఈ రోజు బయట బల్ల మీద చిన్న చిన్న పొట్లాలు కట్టి పెట్టాం. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి. పెరట్లో వేయండి. కాసినప్పుడు కొత్త చేసి, తినేముందు ఒక గుప్పెడు పక్కన తీసిపెట్టండి. అది ఎవరికి పంపాలో అప్పటికి మీకే తెలుస్తుంది.

 జై ఆదివాసీ!